వంకర చెంపలవాళ్ళు

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. ఆ పేరుతో పెళ్ళిలో పిలిచినవాళ్ళే ఆఖరు. అప్పట్నుంచీ ఊరందరికీ అతను బెల్లంరాయి. బెల్లం కొట్టిన రాయిలా ఉలకడు, పలకడు, అందుకని. ఇంకే పనిలో ఉన్నా ఆ గుణం చెల్లిపోయేదేమో గానీ, అతను చేసేది సెలూన్‌లో. సెలూన్‌కి వచ్చేవాడు సగం జుట్టు కోసం వస్తాడు, సగం కబుర్ల కోసం వస్తాడు. కబుర్లు లేని సెలూన్‌కీ ఉప్పు లేని కూరకీ తేడా ఏముంది? ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు బెల్లంరాయే. తెలిసినంత మాత్రాన నోరు పెగులుతుందా?

అతను పనిచేసే సెలూన్ బస్సులు ఆగే కూడలిలో ఉంది. మూడు కుర్చీలు. గుమ్మం పక్క కుర్చీ ఓనరుది. ఆ ఓనరు నోటికి తాళం ఉండదు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరి అల్లుడు అలిగి వెళ్ళాడో, అన్నీ కత్తెరతో పాటే ఆడిస్తూ ఉంటాడు. జనం ఆయన కోసం పేపరు తిరగేస్తూ ఎంతసేపైనా కూర్చుంటారు. నడిమి కుర్చీలో ఓనరు తమ్ముడు. చివర, నీళ్ళ తొట్టి పక్కన, తలుపు తీస్తే మోచేతికి తగిలే చోట బెల్లంరాయి కుర్చీ. బస్సుకి టైమైపోతున్నవాళ్ళు, ఏడ్చే పిల్లలు, ఎవరి దగ్గరైనా ఒకటే అనుకునేవాళ్ళు, వీళ్ళే అతని వాటా.

వీళ్ళు కాక ఇంకో రకం ఉండేవాళ్ళు. వాళ్ళకి అతను మనసులోనే ఒక పేరు పెట్టుకున్నాడు: వంకర చెంపలవాళ్ళు. అప్పుడే కత్తిరించిన జుట్టుతో వస్తారు. కుడి చెంప దగ్గర జుట్టు పైకి లేచి, ఎడమ చెంప దగ్గర కిందికి జారి, మెడ వెనక మెట్లు మెట్లుగా ఉంటుంది. ఓనరు వైపు చూడకుండా, గోడ పట్టుకుని నడిచినట్టుగా తిన్నగా ఈ మూలకే వచ్చి కూర్చుంటారు. "కొంచెం సరిచెయ్యి" అని ఒక్క మాట అంటారు, అంతే. ఎవరు పాడుచేశారు, ఎక్కడ చేయించుకున్నారు అని బెల్లంరాయి ఏనాడూ అడగలేదు. అడగడమంటే మాట్లాడాలి కదా! ఇంట్లో అద్దం ముందు సొంతంగా కత్తిరించుకుని, చెడగొట్టుకుని, తక్కువలో పని కానిచ్చుకుందామని వచ్చే పిసినారులని తనే తేల్చేసుకున్నాడు. అద్దంలో కుడి ఎడమలు తారుమారు కాబట్టే చెంపలు వంకరపోతున్నాయని దానికో లెక్క కూడా కట్టాడు. పనివాడి తెలివి ఒక్కోసారి పనివాడినే ముంచుతుంది.

నలభై దాటాక అతనికి సొంత షాపు కోరిక పుట్టింది. పుట్టడం ఎప్పుడో పుట్టింది, నలభై దాటాక బయటపడింది. మొగుడూ పెళ్ళాం కూడబెట్టినది ఒక్క ప్రయత్నానికి సరిపోతుంది, రెండోదానికి చాలదు. అది తప్పితే మళ్ళీ నీళ్ళ తొట్టి పక్కకే. కానీ అతన్ని తొలిచేది డబ్బు కాదు. ఇన్నేళ్ళలో ఒక్క మనిషైనా తనకోసమని వచ్చాడా? తను లేకపోతే "అతను లేడా?" అని అడిగేవాడు ఒక్కడైనా ఉన్నాడా? సొంత షాపు పెట్టి, గుమ్మంలో నిలబడి, ఎవరూ రాకపోతే అప్పుడు తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ తెలియకుండా బతికిన సంగతి ఊరందరికీ తెలిసేలా తెలిసిపోతుంది. దాని కంటే మోచేతికి తలుపు తగలడం నయం.

అలాంటివాడి ముందుకి దేవుడు రెండు దారులు తెచ్చి పెట్టాడు. ఒకటే పెడితే కళ్ళు మూసుకుని ఆ దారినే పోయేవాడు.

కూడలి వెనక సందులో బాబాయ్ సెలూన్ ఉంది. బాబాయ్ అంటే ఎవరికీ బాబాయ్ కాదు, అందరికీ బాబాయ్. ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. రెండు కుర్చీల షాపు. ఒక కుర్చీలో ఆయన పని, రెండోదాంట్లో పాత పేపర్ల దొంతర. అద్దం అంచులు టీ మరకలా గోధుమరంగు తిరిగాయి. కాళ్ళు లాగుతున్నాయి, ఇక నిలబడలేను, అమ్మేస్తానని ఆయన ఒకరోజు బెల్లంరాయికి కబురు పెట్టాడు. ఆ షాపుకి సరిగ్గా ఎదురుగా గొడుగులు బాగుచేసేవాడు ఖాళీ చేసిన గది ఉంది. గోడలు పెచ్చులూడాయి, కుళాయి తిప్పితే ముందు దగ్గుతుంది, తర్వాత నీళ్ళిస్తుంది. అద్దెకి ఇస్తారు. ఇటు పాతది కొనడమా, అటు కొత్తది పెట్టడమా? సందు నడుమ నిలబడి అటొకసారి ఇటొకసారి తల తిప్పేవాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే.

సలహాకి కొదవ లేదు. పెళ్ళానికి అన్న, అంటే అతనికి బావ, పాత సామాన్ల వ్యాపారం చేస్తాడు. బీరువాలు, బల్లలు, కాలు విరిగిన మంచాలు.

"కొత్తది అనేది చేతకానోడు చేసే పని బావా," అన్నాడు. "ఇవాళ కొన్నావా, రేపటికి పాతదే కదా! నడిచే షాపు కొను. మొదటి రోజు నుంచి మనుషులొస్తారు. పాలిచ్చేదాన్ని వదిలేసి పెయ్యని తెచ్చుకుని పెంచుతానంటావేంటి?"

పెళ్ళాం బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి వెళ్తుంది. మాట డబ్బా మూతలా బిగించి చెబుతుంది. "అన్నయ్య మాటలు వినకండి. ఒకళ్ళు తొడిగిన చెప్పుల్లో కాలు పెడితే వాళ్ళ వేళ్ళ గుర్తులే తగుల్తాయి. ఆ బాబాయ్ చెయ్యి ఎలా వణుకుతుందో చూశారా? ఆ షాపులో కొనడానికి ఏముందని? మనది మనం పెట్టుకుందాం. వచ్చేవాళ్ళే వస్తారు."

అతను పెళ్ళాం మాటకి తలూపాడు. మరుసటి ఆదివారం బావ ఇంటికొచ్చాడు. అన్నాచెల్లెళ్ళు వంటింట్లో చేరి ఒకటే వాదన. గిన్నెలు కూడా మధ్యలో మాట్లాడాయి. చివరికి ఇద్దరూ బయటికి వచ్చారు.

"ఆలోచిస్తే అన్నయ్య చెప్పిందే నిజమండీ," అంది పెళ్ళాం. "పాతది కొనేద్దాం."

"లేదు బావా," అన్నాడు బావ. "చెల్లి చెప్పిందాంట్లో పాయింటుంది. కొత్తదే పెట్టు."

ఒకరి మాట ఒకరు విని పార్టీలు మార్చేసుకున్నారు! ఇంత చక్కని కుటుంబంలో సలహా అడిగేవాడిది బుద్ధి తక్కువ. బెల్లంరాయి ఇద్దరికీ తలూపి, గడప మీద కూర్చున్నాడు.

బాబాయే ఒక మార్గం చెప్పాడు. "అబ్బాయ్, ఊరికే నలిగిపోకు. నాలుగు రోజులొచ్చి బెంచీ మీద కూర్చో. ఎవరొస్తున్నారు, ఎలా ఉంది, నీ కళ్ళతో నువ్వు చూసుకో. తర్వాతే బేరం."

బెల్లంరాయి ఓనరు దగ్గర మోకాలి నొప్పి అని సెలవు పెట్టాడు. అబద్ధం అలవాటు లేనివాడు అబద్ధమాడితే ఇంతే సంగతులు. కూడలి దాటేటప్పుడు కుంటాలి. ఒకరోజు కుడి కాలు, ఒకరోజు ఎడమ కాలు. ఓనరు తమ్ముడు చూసి, నొప్పి తిరుగుతోందా అని అడిగితే, తిరుగుతోంది అన్నాడు.

బెంచీ మీద కూర్చుని చూస్తే అతనికి మతిపోయింది. షాపు ఖాళీగా ఉండదు! ఒకడు లేస్తే ఒకడు కూర్చుంటున్నాడు. బాబాయ్ చెయ్యి చూస్తే వణుకుతోంది. కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని మరీ కత్తెర ఆడిస్తున్నాడు. ఒక్కో తలకి ఒక యుగం పడుతోంది. ఆ యుగమంతా మాటలే, బెల్లంరాయి తలలు చూడ్డం మరిచి ఆ మాటలే విన్నాడు. కుర్చీలో కూర్చున్నవాడి చిన్నప్పటి అల్లరి, వాళ్ళ నాన్న కోపం, పెళ్ళికి ముందు ఆ కుర్చీలోనే కూర్చుని పెట్టుకున్న బెంగ, అన్నీ ఆయనకి గుర్తే. జనం నవ్వుతారు, కళ్ళు తుడుచుకుంటారు, దణ్ణం పెట్టి పోతారు. ఇలాంటి చెయ్యికి ఇంత గిరాకీ ఏంటి? మనిషి కోసం వస్తున్నారా? అయితే మనిషి వెళ్ళిపోయాక షాపు కొని ఏం చేసుకోవాలి? కొన్న మర్నాడే ఇది ఎదుటి గొడుగుల గదిలా అయిపోదూ?

అంతకంటే గుచ్చుకున్నది ఇంకోటుంది. లోపలికి వచ్చే ప్రతివాడూ బెంచీ మీద బెల్లంరాయిని చూడగానే గతుక్కుమంటున్నాడు. ఒకడు గుమ్మంలోంచే వెనక్కి తిరిగి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు లోపలికొచ్చాడు. ఒకడు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, అదీ తలకిందులుగా. తేలు కుట్టిన దొంగల్లా పక్కచూపులు చూస్తారు, పలకరించరు. బాబాయ్ షాపు ఈ మూగవాడు కొంటున్నాడని తెలిసి మొహం చాటేస్తున్నారని బెల్లంరాయి అర్థం చేసుకున్నాడు. ఇంకా కొననేలేదు, అప్పుడే వద్దంటున్నారు.

ఇంటికొచ్చి "కొనొద్దు" అన్నాడు. "సరే, కొత్తది పెడదాం" అంది పెళ్ళాం, మళ్ళీ మొదటి పార్టీలోకి దూకి. "పెట్టొద్దు" అన్నాడు. కొన్నా రానివాళ్ళు పెడితే వస్తారా?

"మరేం చేద్దామండీ?"

"తెలీట్లేదు."

"ఆ ముక్క చెప్పడానికి సెలవు పెట్టి కుంటాలా?" అంది. అని, వెంటనే అతని మొహం చూసి, పక్కన కూర్చుంది. ఆవిడకి తెలుసు, ఈ మనిషి మాట్లాడని చోటే నొప్పి ఉంటుందని.

నాలుగు రోజుల మాట పూర్తి కాలేదని మర్నాడూ బాబాయ్ బెంచీ మీద కూర్చుంటే, బడి మాస్టారొకాయన వచ్చాడు. బెల్లంరాయిని చూసి గొంతు సవరించుకుని, గోడ మీది కేలెండరు వైపు భక్తిగా చూస్తూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తీశాడు. తల వెనక రెండు సుడులు.

బెల్లంరాయి బెంచీ మీంచి సగం లేచాడు. ఈ తల తనకి తెలుసు! మొహం అంతగా గుర్తులేదు. అతనెప్పుడు మొహాలు చూశాడు గనక? కానీ తల మాత్రం చేతికి తెలుసు. రెండు సుడులకి రెండు పెళ్ళిళ్ళంటారు, ఈయనకి ఒక్కటైనా అయిందో లేదో అని ఎన్నిసార్లో లోపల్లోపల నవ్వుకున్న తల. నీళ్ళ తొట్టి పక్కన, తన కుర్చీలో, తన చేతుల కింద వంగిన తల. వంకర చెంపలవాడు!

బాబాయ్ మణికట్టు పట్టుకుని కత్తెర ఆడించాడు. బెల్లంరాయి కళ్ళ ముందే కుడి చెంప పైకి లేచింది. ఎడమ చెంప కిందికి జారింది. మెడ వెనక ఒక మెట్టు, దాని కింద ఇంకో మెట్టు. మాస్టారు అద్దంలో చూసుకుని "అద్భుతం బాబాయ్!" అన్నాడు. లేచి, టోపీ చెవులదాకా లాక్కుని, గుమ్మం దగ్గర బెల్లంరాయి వైపు ఒక్క చూపు చూశాడు. అందులో కోపం లేదు. "నాయనా, చెప్పకు" అని బతిమాలుతోంది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి తలనీ అతను చూశాడు. చెవి వెనక మచ్చ ఉన్నది, నడినెత్తిన సొట్ట ఉన్నది, ఎంత దువ్వినా ఒక కుచ్చు లేచి నిలబడేది. అన్నీ తనవే. పిసినారులు కాదు వీళ్ళు. బాబాయ్ మనసు నొప్పించలేక ఇక్కడ చేయించుకుని, సందు దాటి, కూడలి తిరిగి తన దగ్గరికి వస్తున్నవాళ్ళు. ఓనరు దగ్గర ఎందుకు కూర్చోలేదో ఇప్పుడు తెలిసింది. ఓనరు బాబాయ్ దగ్గరే పని నేర్చుకున్నాడు, చెవిన పడితే చాలు, సాయంత్రానికి బాబాయ్‌కి చేర్చేస్తాడు. అందుకని ఏమీ అడగనివాడిని, ఎవరికీ చెప్పనివాడిని ఏరి ఏరి పట్టుకున్నారు. ఏ నోరు లేదని అతను ఇన్నేళ్ళు కుమిలిపోయాడో, ఆ నోరు లేదనే వచ్చారు.

సంతోషం వచ్చింది. వచ్చినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికి పోయి చెబితే పెళ్ళాం పొట్ట పట్టుకుని నవ్వింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదండీ! ఇంకేం, వాళ్ళంతా మనవాళ్ళే. డబ్బు పోసి కొనేదేముంది? ఎదురుగా కొత్తది పెట్టండి, పరిగెత్తుకుంటూ వస్తారు."

"బాబాయ్ ఇల్లు ఆ షాపు వెనకే," అన్నాడు అతను. "రోజూ అరుగు మీద కూర్చుంటాడు. ఎదురుగా నా గదిలోకి వాళ్ళందరూ వస్తారు. వచ్చి, చెంపలు ఎలా దిద్దాలో ఒక్కడు కూడా చెప్పడు. నాకు తెలుసు కాబట్టి. ఆయన చూస్తాడు. ముందునుంచీ నా దగ్గరికే వస్తున్నారని పనివాడికి అర్థం కాదా?"

అతను ఒక్క ఊపున అంత మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు. నవ్వు ఆపేసింది.

"మరి కొంటే?"

"కొంటే, షాపుతో పాటు ఆయన మనుషులే నా దగ్గరికి వచ్చారు అనుకుంటాడు."

"అంటే, మీ మనుషుల్ని మీరే డబ్బిచ్చి కొనుక్కుంటారు. ఆ మాట ఎవరికీ చెప్పకుండా."

"ఊఁ."

"అది వ్యాపారమా?"

"తెలీట్లేదు," అన్నాడు. నిజంగానే తెలియలేదు. ఉన్నదంతా ఒక ముసలాయన గౌరవానికి పోసేసి, రేపు ఇల్లు గడవకపోతే ఆ గౌరవం అన్నం పెడుతుందా? పొయ్యకపోతే ఆ సందులో నడవడానికి కాళ్ళు వస్తాయా? బావని అడిగితే "ఉచితంగా దొరికేదాన్ని కొనేవాడిని నా వ్యాపారంలో ఎక్కడా చూళ్ళేదు బావా" అని, తలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, "అయినా కొను" అన్నాడు.

ఆఖరి రోజు షాపు తెరుస్తుండగానే వెళ్ళాడు. బాబాయ్ రెండో కుర్చీ మీది పేపర్లు దింపి దుమ్ము తుడుస్తున్నాడు.

"కొంటాను బాబాయ్."

"ఎందుకు?"

ఆ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. "మనుషులు... బాగా వస్తున్నారు. నడిచే షాపు కదా."

"ఒరే అబ్బాయ్, నీకు అబద్ధం రాదు, ఎందుకా అవస్థ?" బాబాయ్ గుడ్డ విదిలించి కుర్చీ మీద వేశాడు. "ఈ కుర్చీలోంచి తల ఎలా బయటికి పోతుందో నాకు తెలుసు. నెల తర్వాత ఎలా తిరిగొస్తుందో కూడా తెలుసు. నేను వంకరగా పంపిన చెంప పెరుగుతూ పెరుగుతూ తిన్నగా అయిపోతుందా? ఏ జుట్టైనా అలా పెరగడం చూశావా?"

బెల్లంరాయి రెండో కుర్చీ వెనక్కి చేరి దాని వీపు పట్టుకున్నాడు. "మీకు... ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. ముందు ఒళ్ళు మండింది. నా మనుషుల మీద చెయ్యి వేసిన ఆ కత్తెర ఎవడిదో చూద్దామనుకున్నాను. ఒక్క వెధవ నోరు విప్పలేదు. ఆఖరికి కూడలిలో బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి, నేనే చూశాను. మాస్టారు నీ దగ్గర కూర్చున్నాడు. నువ్వు నా తప్పుని తుడిచేయలేదు. నేను ఎలా చెయ్యాలనుకున్నానో అలా చేశావు. నా చెయ్యి బాగున్నప్పుడు వాడి చెంప అలాగే ఉండేది." ఆయన పేపర్ల దొంతర మూలకి జరిపాడు. "షాపు అమ్ముతానని నీకొక్కడికే కబురు పెట్టాను. వాళ్ళు నీవాళ్ళు. నీ మనుషుల్ని నీకు అమ్మడానికి నాకు నోరు రావట్లేదు. కుర్చీలకీ అద్దానికీ ఏమైతే అదివ్వు. లేదా ఎదురుగా పెట్టుకో. నేనేమీ అనుకోను."

ఒక ముసలాయన తన తప్పు తనకి తెలుస్తూనే నెలనెలా వాళ్ళ తలలు చూశాడు. వాళ్ళు ఆయన కోసం దాచారు, ఆయన వాళ్ళ కోసం తెలియనట్టు ఉన్నాడు. మధ్యలో బెల్లంరాయి ఒక్కడే ఏమీ తెలియకుండా అందరికీ కావలసినవాడై కూర్చున్నాడు. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

"కొంటాను," అన్నాడు. "మీరు మాత్రం మానొద్దు."

"నేనుంటే వాళ్ళు నా చేతే చేయించుకుంటామంటారురా!"

"చెయ్యండి."

"తర్వాత?"

"తర్వాత నేను చూసుకుంటాను."

బాబాయ్ ఏదో అనబోయాడు. అప్పుడే నడినెత్తిన సొట్ట ఉన్నాయన లోపలికి అడుగుపెట్టాడు. రెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. ఒకదాని వెనక బాబాయ్, ఒకదాని వెనక బెల్లంరాయి. ఆయన బాబాయ్ వైపు చూశాడు, బెల్లంరాయి వైపు చూశాడు, ఎటు వెళ్ళాలో తెలియక చేతిలోని సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నిలబడ్డావేంరా?" అన్నాడు బాబాయ్. "ముందు ఇక్కడ కూర్చో. అయ్యాక అక్కడ కూర్చో. ఇకమీద సందు దాటక్కర్లేదు."

సొట్ట ఉన్నాయన సంచీ కింద పెట్టాడు. తల వంచుకుని వచ్చి బాబాయ్ కుర్చీలో కూర్చున్నాడు.